మంత్రిగారు కిందికి దిగరు

"ఈ నగరంలో ఇకమీదట ఏ పౌరుడూ కిందికి దిగవలసిన అవసరం ఉండదు. అందరూ పైకి రావడమే మిగిలి ఉంది" అని రవాణా మంత్రిగారు విలేఖరుల సమావేశంలో ప్రకటించారు.

భూమి అడుగున కట్టిన రైలు స్టేషను గురించి ఇంత నిండైన మాట ఇంతవరకూ ఏ మంత్రీ అనలేదు. విలేఖరులు తలలు వంచుకుని రాసుకున్నారు. వెనక వరుసలో ఒకాయన మాత్రం, "రైలు కింద కదండీ ఉంది, దిగకుండా ఎక్కడమెలా?" అని అడగబోయాడు గానీ, సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. మంత్రిగారి సమావేశాల్లో ఎప్పుడు రావాలో టీకి తెలుసు.

ఆ ప్రకటన టీవీలో విని, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసిన మనిషి ఒకడున్నాడు. అతను ఆస్పత్రి స్టేషను మేనేజరు.

ఊళ్ళోకెల్లా పెద్ద సర్కారు ఆస్పత్రి అడుగున ఉంది గనక దానికి ఆస్పత్రి స్టేషనని పేరు. కట్టడం ఎప్పుడో అయిపోయింది. నున్నటి రాతి నేల, అద్దాల టికెట్ గది, ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చనిపించే స్తంభాలు, అన్నీ ఉన్నాయి. బెంచీలకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదు. ఎస్కలేటర్లు గోనెపట్టాలు కప్పుకుని పడుకున్నాయి. రైళ్ళకీ కొదవలేదు. ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే లైను అది. సగం వంతెన మీద, సగం నేల కింద. రైళ్ళు గానుగెద్దుల్లా పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఆస్పత్రి స్టేషన్లోకి వస్తాయి, దీపాల వెలుగులో ఒకసారి మెరుస్తాయి, పోతాయి. ఆగవు.

ఆగకపోవడానికి కారణం చాలా సబబైనది. స్టేషనుకి ప్రారంభోత్సవం కాలేదు. ప్రారంభోత్సవం కాని స్టేషన్లో రైలు ఆగరాదని రూలు. ఆ రూలుని రైళ్ళు నడిపే కంప్యూటరుకి నూరిపోశారు. కంప్యూటరు మనలాంటిది కాదు, చెప్పింది చెప్పినట్టు వింటుంది.

రైలు ఆగకపోయినా స్టేషనన్నాక మేనేజరుండాలి. మేనేజరన్నాక తెల్ల యూనిఫారం, చేతిలో పచ్చజెండా ఉండాలి. కంప్యూటరు జెండాలు చూడదు. అయినా మేనేజరు ప్రతి రైలుకీ వంగి మరీ జెండా ఊపేవాడు, జీతం తీసుకుంటున్నాం కదా అని. ఆ ఉద్యోగం కూడా టెంపరరీయే. రైలాగని స్టేషనుకి పర్మనెంటు మేనేజరుని పెడితే ప్రజాధనం వృథా అని పైవాళ్ళ అభిప్రాయం. ఒక్క రైలు ఆగిందంటే చాలు, మర్నాడే పర్మనెంటు.

అయితే ఉద్యోగం సంగతి తర్వాత. అసలు సంగతి మోకాలు.

మేనేజరు భార్య ఆ ఆస్పత్రిలోనే పెద్ద నర్సు. ఆమె వార్డుకి సరిగ్గా కింద మొగుడి స్టేషను. రైలొచ్చింది కదా అని ఆ దారిలో బస్సులు ఎత్తేశారు. అంచేత ఆమె రోజూ పొద్దున్నే రైలెక్కి, తన వార్డు కిందనుంచీ, తన మొగుడి ముందునుంచీ దూసుకుపోయి, తర్వాతి స్టేషన్లో దిగి, వెనక్కి నడిచి వచ్చేది. సాయంత్రం మళ్ళీ అంత దూరమూ నడిచి వెళ్ళేది. నడవగా నడవగా కుడి మోకాలు వాచి, చీర కట్టినా దాగనంత అయింది. పొద్దుట ఆమె రైలు స్టేషన్లోకి రాగానే మేనేజరు జెండా ఊపేవాడు. నర్సమ్మ తిరిగి చెయ్యి ఊపేది కాదు. కాలు పైకెత్తి కిటికీ అద్దానికి మోకాలు ఆనించి చూపించేది.

సాయంత్రం కాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని మళ్ళీ అదే మాట.

"మీరు ఆ జెండా కాస్త గట్టిగా ఊపి చూడొచ్చు కదా."

"పచ్చజెండా గట్టిగా ఊపితే ఇంకా జోరుగా పోతుందే పిచ్చిమొహమా."

"అయితే ఎర్రది ఊపండి."

"ఎర్రజెండా మంజూరు చెయ్యలేదు. రైలాగని స్టేషనుకి ఎర్రజెండా ఎందుకన్నారు."

నర్సమ్మ కాసేపు మోకాలి వంక, కాసేపు మొగుడి వంక చూసేది. ఈ రెంటిలో ఏది తనకి ఎక్కువ నొప్పి అన్నది తేల్చుకోలేకపోయేది.

అదివరకు కూడా ప్రారంభోత్సవానికి ముహూర్తాలు పెట్టారు. ఒకసారి మంత్రిగారికి జలుబు చేసింది. ఇంకోసారి రిబ్బను రంగు ప్రతిపక్షం జెండా రంగులా ఉందని ఆపేశారు. మరోసారి అన్నీ సిద్ధమయ్యాక మంత్రిగారే మారిపోయారు. ఆ మారిపోయిన ఆయన కథే ఇప్పటి మంత్రిగారి ప్రకటనకి మూలం. ఆయన వేరే స్టేషను ప్రారంభిస్తూ, ఎస్కలేటరు మీద నవ్వుతూ కిందికి వెళ్తుండగా ఫోటో తీశారు. అది పేపర్లన్నిటిలో పడింది. ఆ వారం తిరక్కుండానే ఆయన పదవి ఊడింది. వేరే తప్పులు చాలానే చేశాడని గిట్టనివాళ్ళంటారు గానీ, అనుభవజ్ఞులందరూ ఫోటో దగ్గరే ఆగారు. ఆనాటినుంచీ ఈ రాజ్యంలో మంత్రి అన్నవాడు కెమెరా ముందు ఒక్క మెట్టు కూడా కిందికి దిగలేదు. సభావేదిక మీదనుంచి దిగాల్సి వస్తే ముందు దీపాలార్పించేవారు.

*

మంత్రిగారి పి.ఏ. స్టేషను తనిఖీకి వచ్చారు. వెంట మేనేజరు బావమరిదీ వచ్చాడు. ఊరందరూ అతన్ని జిందాబాద్ అని పిలుస్తారు. సభలకి జనాన్ని, దండల్ని, నినాదాలని సరఫరా చేయడం అతని వృత్తి. ఏ పార్టీవాడివిరా అని అడిగితే, "జనం పార్టీ" అంటాడు. నిజమే, జనం అతని దగ్గరే ఉంటారు.

ఇంకా ఎస్కలేటర్లు నడవడం లేదు గనక అందరూ వెనకవైపు ఇనప మెట్ల మీదుగా, బావిలోకి దిగినట్టు గిరగిరా తిరిగి కిందికి చేరారు. పి.ఏ. రెండు నిమిషాలు ఆయాసం తీర్చుకుని, ఎస్కలేటర్ల వంక వేలు చూపించారు.

"ఇవన్నీ ఎటు వెళ్తాయి?"

వెంట ఉన్న స్టేషను మెకానిక్ చెప్పాడు. "సగం పైకి సార్, సగం కిందికి."

"కిందికెందుకు?"

"జనం రైలెక్కడానికి సార్."

"మంత్రిగారు ప్రకటన ఇచ్చేశారు కదయ్యా, అందరూ పైకి రావడమే అని. పేపర్లో పడిపోయింది. రేపు ఫోటోలో మంత్రిగారు పైకి వస్తుంటే, పక్కన ఇంకో ఎస్కలేటరు కిందికి వెళ్తూ కనిపిస్తే ఏమనుకుంటారు? అన్నీ పైకే తిప్పెయ్."

"అలాగే సార్. మరి దిగేవాళ్ళు?"

"అది ప్రయాణికుల సమస్య. మనది ప్రారంభోత్సవం."

మెకానిక్ తల గోక్కుంటూ వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మరి మంత్రిగారు పైకి రావాలంటే ముందు కింద ఉండాలి కదండీ. కిందికి ఎలా వస్తారు?"

పి.ఏ. చిరునవ్వు నవ్వారు. ఈ ప్రశ్న కోసమే ఆయన చాలాసేపట్నుంచీ ఎదురుచూస్తున్నారు.

"రైల్లో వస్తారు. వెనక స్టేషను నేలమీదే ఉంది. అక్కడ చక్కగా నడిచి ఎక్కుతారు. కిందికి దిగేది రైలు. మంత్రిగారు కూర్చునే ఉంటారు."

ఆ మాటకి జిందాబాద్ చప్పట్లు కొట్టాడు. అలవాటు.

"ఇక్కడ రైలాగుతుంది, ప్లాట్‌ఫారం మీదికి అడుగు పెడతారు, ఎస్కలేటరు ఎక్కి ఉదయించే సూర్యుడిలా పైకి వస్తారు. పైన వెల్వెట్టు తెర, తెర కింద బటన్. నొక్కుతారు. స్టేషను ప్రారంభం."

మేనేజరుకి ఎక్కడో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

"రైలాగాలంటే స్టేషను ప్రారంభమై ఉండాలి కదండీ?"

"మంత్రిగారు వచ్చేది ప్రారంభించడానికే కదా."

"వచ్చాక కదండీ ప్రారంభిస్తారు."

"వస్తారు కాబట్టే కదా ప్రారంభిస్తారు."

మేనేజరుకి సమాధానం దొరికినట్టే అనిపించింది. పైగా తన పర్మనెంటు ఫైలు పి.ఏ. బల్ల మీదే ఉంది. ఇంకో ప్రశ్న అడగలేదు.

భద్రతా ఏర్పాట్లు పి.ఏ. స్వయంగా చెప్పారు. మంత్రిగారి రైలుని దారిలో ఎవరూ ఆపకుండా పెట్టెలోని గొలుసులన్నీ తీసేస్తారు. ఎవరూ ఫోన్లు చేయకుండా పెట్టెలో ఒక యంత్రం పెడతారు. ఈ రైలు ఆస్పత్రి స్టేషన్లో తప్ప మరెక్కడా ఆగకూడదని మంత్రిగారే సంతకం పెట్టి ఆదేశమిచ్చారు. ఇంత పకడ్బందీ ఏర్పాటు తన సర్వీసులో చూడలేదని మేనేజరు అన్నాడు. నిజంగానే చూడలేదు.

"ఇంకొక్క విషయం. మంత్రిగారి పక్కన ఒక సామాన్యురాలు కూర్చోవాలి. ముఖంలో కష్టం కనిపించాలి, నోట్లోంచి రాకూడదు."

"మా అక్క ఉందిగా" అన్నాడు జిందాబాద్. "మోకాలు కూడా ఉంది. చూస్తే కెమెరావాళ్ళకే కన్నీళ్ళొస్తాయి."

మేనేజరు ఇంటికి వెళ్ళి భార్యకి ఈ సంగతి భయం భయంగా చెప్పాడు. ఆమె వేడినీళ్ళ సంచీ పక్కన పెట్టింది.

"అక్కడ రైలాగుతుందా?"

"ఆగుతుంది. ఆ స్టేషన్లో మొట్టమొదట కాలుపెట్టే ప్రయాణికురాలివి నువ్వే."

"ఆగేటట్టయితే మంత్రి పక్కనేంటండీ, ఇంజను నెత్తిమీదైనా కూర్చుంటాను."

*

ఆ రోజు రానే వచ్చింది. బెంచీల ప్లాస్టిక్ విప్పారు. ప్లాట్‌ఫారం మీద బ్యాండువాళ్ళు వరసగా నిలబడ్డారు. ఎస్కలేటర్లన్నీ ఒకే మనసుతో పైకి నడుస్తున్నాయి. పైన ఎండలో జిందాబాద్ తెచ్చిన జనం, పెట్టెలో జిందాబాద్ ఎక్కించిన జనం. అన్నిటికన్నా ముఖ్యంగా మేనేజరుకి ఒక ఎర్రజెండా మంజూరైంది. దాని మడత కూడా పోలేదు. అతను దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

సొరంగంలో వెలుగు కనిపించింది. బ్యాండు మొదలైంది. మేనేజరు ఎర్రజెండా ఎత్తాడు.

రైలు వచ్చింది. కిటికీలో మంత్రిగారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. పక్కన నర్సమ్మ, ఒళ్ళో అన్నం డబ్బా సంచీ పెట్టుకుని, స్టూడియోలో ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. మంత్రిగారి నవ్వు మేనేజరు దాకా వచ్చింది, మేనేజరుని దాటింది, రైలుతోపాటే అవతలి సొరంగంలోకి వెళ్ళిపోయింది.

బ్యాండు కాసేపటికి ఆగింది. మేనేజరు కంట్రోల్ రూముకి ఫోను చేశాడు.

"రైలాగలేదండీ."

"ఆగదండీ. మీ స్టేషను ప్రారంభం కాలేదు."

"ప్రారంభించే ఆయన అందులోనే ఉన్నారండీ."

"సంతోషం. ప్రారంభించమనండి, వెంటనే ఆపేస్తాం."

"దిగితే కదా ప్రారంభించేది."

"ఆగితే కదా దిగేది."

ఇద్దరికీ ఎదుటివాడు చెప్పిందే న్యాయమనిపించింది.

"పోనీ వేరే స్టేషన్లో ఆపండి."

"ఈ రైలు మీ స్టేషన్లో తప్ప ఎక్కడా ఆగకూడదని మంత్రిగారి ఆదేశం ఉంది. కంప్యూటరుకి చెప్పేశాం కూడా."

"ఆ ఆదేశం రద్దు చెయ్యండి."

"మంత్రిగారి ఆదేశం మంత్రిగారే రద్దు చెయ్యాలి. ఆయన్ని ఒకసారి మా ఆఫీసుకి పంపించండి."

మేనేజరు ఎస్కలేటరెక్కి పైకి పరిగెత్తాడు. పి.ఏ. తెర పక్కన నిలబడి, దాని అంచులు సర్దుతున్నారు. సంగతి విని ఆయన రంగు మారింది గానీ గొంతు మారలేదు.

"మంత్రిగారు నగరమంతా పర్యవేక్షిస్తున్నారని ప్రకటన ఇవ్వండి."

"అయ్యా, ఆ బటన్ మనమే ఒకసారి నొక్కేస్తే రైలాగుతుంది."

పి.ఏ. అతన్ని జాలిగా చూశారు. "మంత్రిగారి చెయ్యి తగలకుండా నొక్కితే దాన్ని స్విచ్ వెయ్యడం అంటారు. ప్రారంభోత్సవం అనరు. ఎవరైనా నొక్కారో, ఉద్యోగం పోవడమే కాదు, కేసవుతుంది."

ఆయన అటు తిరిగారు. తెర గాలికి కదిలింది. బటన్ ఎర్రగా, రూపాయి బిళ్ళంత, వేలికి అందేంత దూరంలో ఉంది. మేనేజరు చెయ్యి దానంతటదే లేచింది. అతని కళ్ళకి అద్దానికి ఆనించిన మోకాలు కనిపించింది. వెంటనే పర్మనెంటు ఫైలూ కనిపించింది. చెయ్యి గాలిలో కాసేపు నిలబడి, తిరిగి జేబులోకి వెళ్ళిపోయింది.

కిందికి వెళ్దామంటే ఎస్కలేటర్లన్నీ ఎదురొస్తున్నాయి. ఇనప మెట్ల మీదుగా గిరగిరా తిరిగి ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి రైలు రెండో చుట్టు వచ్చేసింది. బ్యాండువాళ్ళు వాయించారు. వాళ్ళకి రైలొస్తే వాయించమని చెప్పారు గానీ ఆగితేనే వాయించమని చెప్పలేదు.

ఈసారి మంత్రిగారు తలుపు దగ్గర నిలబడి అద్దం మీద అరచేతుల్తో బాదుతున్నారు. అంగరక్షకుడు తాను తీసేసిన గొలుసు కోసం తానే గోడంతా తడుముతున్నాడు. నర్సమ్మ ఖాళీ అయిన సీటు మీద కాలు చాపుకుంది.

ఆ తర్వాతి చుట్టులో మంత్రిగారు కూర్చుని ఉన్నారు. నర్సమ్మ మోకాలు చూపిస్తూ ఏదో చెబుతోంది. ఆయన తలాడిస్తున్నారు. ఆయన అన్నేళ్ళ ప్రజాసేవలో ఒక సామాన్యురాలి బాధ మధ్యలో లేచిపోకుండా వినడం అదే మొదటిసారి అయ్యుండాలి. లేచిపోవడానికి చోటు లేదు.

ఇంకో చుట్టులో ఇద్దరి మధ్యా అన్నం డబ్బా తెరిచి ఉంది. మంత్రిగారు తింటున్నారు. నర్సమ్మ మంచినీళ్ళు అందిస్తోంది. వెనకాల జిందాబాద్ జనం పేకాట మొదలెట్టారు.

మేనేజరు మాత్రం ప్రతిసారీ ఎర్రజెండా ఎత్తుతూనే ఉన్నాడు. ట్రంపెట్ ఊదే ఆయన పెదవులు వాచిపోయి, "సార్, ఇంకెన్ని సార్లు వస్తారు మంత్రిగారు?" అని అడిగాడు.

"ఆయన ప్రజల మనిషి. వస్తూనే ఉంటారు" అన్నాడు మేనేజరు.

ఎండ తిరిగేసరికి మంత్రిగారు అద్దానికి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. భోజనం తర్వాత ఆయనకి అలవాటు. నర్సమ్మ ఎందుకైనా మంచిదని ఆయన మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతోంది. రైలు అలాగే సొరంగంలోకి వెళ్ళి, అవతల వంతెన మీదికి తేలింది. అక్కడ టీవీవాళ్ళు మేడల మీద కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు.

*

రాజకీయాల్లో మనిషి ఫోను మోగలేదంటే రెండే అర్థాలు. ఒకటి, పోయాడు. రెండు, పార్టీ మారుతున్నాడు. ముఖ్యమంత్రిగారు పొద్దుట్నుంచీ రవాణా మంత్రిగారికి ఫోను చేస్తున్నారు. అందుబాటులో లేరనే వస్తోంది. పోయిన కబురు ఏదీ రాలేదు గనక రెండో అర్థమే మిగిలింది.

టీవీలో మొదట "మంత్రి ఎక్కడ?" అని వేశారు. తర్వాత "కదిలే రైల్లో రహస్య శిబిరం" అని వేశారు. పెట్టెనిండా ఉన్నది అసంతృప్త ఎమ్మెల్యేలేనని ఒక విశ్లేషకుడు వాళ్ళ పేకాట తీరుని బట్టి కనిపెట్టాడు. చివరికి వంతెన మీది బొమ్మ వచ్చింది. మంత్రిగారి చెయ్యి ఒక స్త్రీ చేతిలో ఉంది. "అజ్ఞాత మహిళతో చేతులు కలిపిన మంత్రి."

జిందాబాద్ ఇనప మెట్లమీదుగా రొప్పుతూ వచ్చి బావ భుజం పట్టుకున్నాడు.

"బావా, అక్క టీవీలో వస్తోంది."

"ఏం చేస్తోంది?"

"ప్రభుత్వాన్ని పడగొడుతోందంట."

మేనేజరు ఎర్రజెండా మీద కూలబడ్డాడు. "దానికి మెట్టెక్కడానికే శక్తి లేదు కదరా."

"అదే నేనూ అన్నా. ఢిల్లీలోనో ఎక్కడో ఆవిడకి పలుకుబడి ఉందంటున్నారు."

సాయంత్రానికి ముఖ్యమంత్రిగారు నిర్ణయం తీసేసుకున్నారు. ఎప్పుడు చేసినా మొదటి గంటకే ఫోనెత్తే ఒక ఎమ్మెల్యేగారిని రవాణా మంత్రిని చేశారు. ప్రమాణ స్వీకారమయ్యాక కొత్త మంత్రిగారు మొదటి కార్యక్రమంగా ఆస్పత్రి స్టేషనుకే వచ్చారు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి కదా, మళ్ళీ దండలు కొనడమెందుకని.

కారు ముందు సీట్లోంచి పి.ఏ. దిగారు. పొద్దున ఆయన మంత్రిగారి పి.ఏ. సాయంత్రమూ మంత్రిగారి పి.ఏ.యే. ప్రభుత్వాలకి స్థిరత్వం ఇలాంటివారి వల్లే వస్తుంది. జిందాబాద్ పెద్ద బ్యానరు మీద ముఖం ఉన్నచోట ఇంకో ముఖం అంటించాడు. కింద రాసిన "మా గుండెచప్పుడు" అన్న మాట కొత్తాయనకీ సరిపోయింది. జనం ఎవరొచ్చారని అడగలేదు. పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు రావడమే ముఖ్యం.

కొత్త మంత్రిగారు కిందికి తొంగి కూడా చూడలేదు. తెర తీశారు. బటన్ నొక్కారు. కారెక్కారు. ఆయన కోసం పోసిన టీ కప్పు మీద మీగడ కట్టేలోగా అంతా అయిపోయింది. కెమెరాలన్నీ కారు వెనక పరిగెత్తాయి. ఒక్క ఫోటోగ్రాఫరు మాత్రం చెప్పు తెగి, దాన్ని కట్టుకుంటూ ఎస్కలేటరు అంచున కూర్చుండిపోయాడు.

మంత్రి మారాడని కిందికి దిగొచ్చిన జిందాబాద్ చెప్పాడు గానీ, బటన్ నొక్కిన సంగతి మేనేజరుకి ఇంకా తెలియదు. సొరంగంలో వెలుగు కనిపించింది. చెయ్యి నొప్పెడుతున్నా ఎర్రజెండా ఎత్తాడు. బ్యాండువాళ్ళు లేచే ఓపిక లేక కూర్చునే వాయించారు.

రైలు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగింది.

మేనేజరు జెండా వంక చూశాడు. బతికున్నంతకాలం అతను ఆ రైలుని తన జెండాయే ఆపిందని నమ్ముతాడు.

తలుపులు తెరుచుకున్నాయి. నర్సమ్మ కుడికాలు ముందు పెట్టబోయి, అది కుదరక ఎడమకాలు పెట్టి, ప్లాట్‌ఫారం మీద నిలబడింది. చుట్టూ చూసింది. ఇన్నాళ్ళూ అద్దంలోంచి చూసిన స్తంభాన్ని చేత్తో తాకింది.

"బాగుందండీ మీ స్టేషను" అంది.

మేనేజరు ఎర్రజెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఏదో అనబోయేలోగా ఆమె వెనకనుంచి మంత్రిగారు కళ్ళు నులుముకుంటూ వచ్చారు. ఆయన చొక్కా మడతలు పడింది, మీసానికి మెతుకు అంటుకుంది. అయినా ముఖం ప్రశాంతంగా ఉంది. అంతసేపు ఫోను లేకుండా నిద్రపోయిన రాజకీయ నాయకుడి ముఖం అంత ప్రశాంతంగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

"కాస్త ఆలస్యమైనట్టుంది" అన్నారు. "జనం ఉన్నారా?"

మేనేజరు బావమరిది వంక చూశాడు. బావమరిది పైకప్పు వంక చూశాడు. మాజీ అయిన సంగతి మంత్రికి చెప్పే బాధ్యత స్టేషను మేనేజరు విధుల్లో ఎక్కడా లేదు.

"ఉన్నారండీ. మీ కోసమే" అన్నాడు జిందాబాద్. వృత్తిధర్మం.

ఆయన నర్సమ్మ వైపు తిరిగారు. "నీ మోకాలి సంగతి నాకు వదిలెయ్యమ్మా. రేపు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే మొదటి సంతకం దానిదే."

ఎస్కలేటరు మీద అడుగు పెట్టి, రెండు చేతులూ జోడించి, గడ్డం కొంచెం ఎత్తి, ఉదయించే సూర్యుడిలా పైకి సాగిపోయారు. పైన కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దాన్ని ఆయన చప్పట్లనుకున్నట్టున్నారు, ఇంకొంచెం నవ్వారు. చెప్పు కట్టుకుంటున్న ఫోటోగ్రాఫరు అలవాటుగా ఒక బొమ్మ తీశాడు.

ఆ తర్వాత నర్సమ్మ కూడా ఎస్కలేటరెక్కింది. మొదట పడతానేమోనని మేనేజరు మోచెయ్యి పట్టుకుంది. సగం దూరం పోయాక వదిలేసింది. కాలు కదపకుండా, మోకాలు వంచకుండా, ఆమె పైకి తేలిపోతోంది.

"ఏవండీ, ఇలా రోజూ తీసుకెళ్తుందా?"

"రోజూ. మనుషులున్నా లేకపోయినా."

"సాయంత్రం దిగడానికి లేకపోతే మానె. ఆ ఒక్కపూట నడుస్తాను. పొద్దున నడక తప్పింది, సగం ప్రాణం తిరిగొచ్చినట్టే" అంది నర్సమ్మ.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముఖంలో ఆ వెలుగు మేనేజరు చూడలేదు. బటన్ నొక్కకుండా చెయ్యి జేబులో పెట్టుకున్న సంగతి ఆమెకి ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాడు.

*

మర్నాడు పొద్దున పేపర్లన్నిటిలో ఒకే ఫోటో. మాజీ మంత్రిగారు ఎస్కలేటరు మీద చేతులు జోడించి పైకి వస్తున్నారు. పక్కనే ఆయన పదవి పోయిన వార్త.

ఆ ఫోటోని కొత్త మంత్రిగారూ చూశారు. అనుభవజ్ఞులూ చూశారు.

మేనేజరు ఇనప మెట్లు దిగి స్టేషన్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. పి.ఏ.

"మేనేజరుగారూ, శుభాకాంక్షలు. మీ పర్మనెంటు ఆర్డరు, బిళ్ళతో సహా, మీ బల్ల మీదికి వచ్చేసింది. కొత్త మంత్రిగారి మొదటి సంతకం మీదే."

"మీ దయండీ."

"రెండో సంతకం ఎస్కలేటర్లది. అన్నీ కిందికి తిప్పించండి. మొదటి రైలొచ్చేలోగా అయిపోవాలి."

"అన్నీనా అండీ?"

"ఫోటో చూశారుగా."

మెకానిక్ చెప్పగానే బయల్దేరాడు. స్క్రూడ్రైవరు నిన్నట్నుంచీ జేబులోనే ఉంచుకున్నాడు.

మేనేజరు గదిలోని టీవీలో కొత్త మంత్రిగారు విలేఖరులతో మాట్లాడుతున్నారు. "ఈ నగరంలో ఇకమీదట ఏ పౌరుడూ పైకి ఎక్కవలసిన అవసరం ఉండదు. ప్రభుత్వమే ప్రజల దగ్గరికి దిగి వస్తుంది." వెనక వరుసలో ఒకాయన చెయ్యి ఎత్తాడు. టీ వచ్చింది.

నర్సమ్మ రైలు వచ్చింది. ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె సంచీ భుజాన వేసుకుని, కొత్త చీర కట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఒక కాలు బయట పెట్టింది.

ఎదురుగా ఎస్కలేటర్లన్నీ వరసగా ఆమె మీదికి దిగి వస్తున్నాయి. వాటి పక్కన, మూలన, ఇనప మెట్లు గిరగిరా తిరుగుతూ పైకి పోతున్నాయి.

ఆమె వాటి వంక చూసింది. మోకాలి వంక చూసింది. మొగుడి వంక చూసింది. మేనేజరు యూనిఫారం మీద పర్మనెంటు బిళ్ళ తళతళలాడుతోంది.

బయట పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, వెళ్ళి కిటికీ పక్కన తన చోట కూర్చుంది. తలుపులు మూసుకున్నాయి.

మేనేజరు పచ్చజెండా ఎత్తాడు. రైలు కదిలింది. కిటికీ అద్దానికి మోకాలు ఆనింది.